ఎంబ్రాయిడరీ గిల్డా, కోర్సా, మగ్గం క్లాసా: అమెరికాలోని తెలుగువారు దేన్ని ఎంచుకోవాలి?

అమెరికాలో ఉంటూ సూదిపని నేర్చుకోవాలనుకునే తెలుగువారి ముందు ఇవాళ ఐదారు దారులున్నాయి. ఊళ్లోని ఎంబ్రాయిడరీ గిల్డ్ (సూదిపని ఇష్టమున్నవారు కలిసి నడుపుకునే సంఘం) చాప్టర్‌లో, అంటే స్థానిక శాఖలో, సభ్యత్వం తీసుకోవచ్చు. నేత, నూలు, రంగుల అద్దకం వైపు మొగ్గేవారు చేనేత గిల్డ్‌ను వెతుక్కోవచ్చు. ఇంగ్లండులోని రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ వారి కోర్సును ఆన్‌లైన్‌లో చేయవచ్చు. సెలవులకు హైదరాబాదో విజయవాడో వెళ్లినప్పుడు మగ్గం వర్క్ క్లాసులో కూర్చోవచ్చు. దారాల దుకాణం పెట్టే వారాంతపు తరగతికి వెళ్లవచ్చు, లేదా యూట్యూబ్ చూస్తూ ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు.

వీటిని పోల్చేటప్పుడు ఎక్కువమంది రుసుము ఎంత, చివర ధ్రువపత్రం ఇస్తారా అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెడతారు. నా దృష్టిలో వాటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మీరు కుట్టిన గుడ్డను తిరగేసి చూసి, తప్పు ఎక్కడ మొదలైందో చెప్పగల మనిషి ఆ దారిలో ఎంత తరచుగా దొరుకుతారు? కొత్తగా కుట్టేవారి లోపాలు చాలావరకు వారి కంటికి ఆనవు. కాడ కుట్టులో దారం ఒకసారి సూదికి ఎడమనా మరొకసారి కుడినా పడటం, శాటిన్ కుట్టులో గుడ్డ ముడుచుకుపోయేంతగా దారాన్ని బిగించడం, ఒక పువ్వు నుంచి మరొక పువ్వుకు గుడ్డ వెనక పొడుగాటి దారం ఈడ్చుకుపోవడం, కుట్టేకొద్దీ పురి విడిపోయి దారం మెరుపు తగ్గడం వంటివి చేస్తున్నప్పుడు తెలియవు. పని పూర్తయ్యాక ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపిస్తుంది. పక్కన కూర్చున్న అనుభవజ్ఞులు ఒక్క చూపులో పట్టే ఈ లోపాలను ఒంటరిగా కనిపెట్టాలంటే నెలలు పడుతుంది, అప్పటికి చేతికి తప్పుడు అలవాటు పడిపోయి ఉంటుంది.

ఈ కొలతతో చూస్తే నా సలహా స్థూలంగా ఇది. రకరకాల కుట్లు తెలుసుకోవాలని, ఏళ్ల తరబడి కొనసాగించాలని, తోడుగా నలుగురు ఉండాలని కోరుకునేవారికి గిల్డ్ మంచిది. పెళ్లి బ్లౌజులు కుట్టగలగాలి, వీలైతే దాన్నే ఆదాయ మార్గం చేసుకోవాలి అనుకునేవారు గిల్డ్‌లో ఎన్నాళ్లు కూర్చున్నా ఆ పని రాదు. వారు మగ్గం నేర్పేవారి దగ్గరికే వెళ్లాలి. పరీక్షకు నిలిచే సాంకేతిక నైపుణ్యం, దాని వెనక ఒక పేరున్న సంస్థ ముద్ర కావాలనుకుని, అందుకు తగిన డబ్బు, ఓపిక ఉన్నవారు రాయల్ స్కూల్ వైపు చూడాలి.

గిల్డ్‌లో అసలు ఏం జరుగుతుంది

ఈ గిల్డుల పుట్టుక తెలిస్తే వాటి స్వభావం సులభంగా అర్థమవుతుంది. 1872లో లండన్‌లో సూదిపని బడిగా రాయల్ స్కూల్ మొదలైంది. ఆ బడిలో చదువుకున్న 16 మంది 1906లో కలిసి ఎంబ్రాయిడరర్స్ గిల్డ్‌ను స్థాపించారు. దానికి అమెరికా శాఖగా 1958లో ఏర్పడినదే 1970లో స్వతంత్ర సంస్థగా మారి, ఎంబ్రాయిడరర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికా అన్న పేరుతో నేటికీ కొనసాగుతున్నది. దీని ప్రధాన కార్యాలయం కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో ఉంది. బడి చదువు ముగిసినవారు తమ విద్య తుప్పు పట్టకుండా ఉండేందుకు ఒకచోట చేరడం ఇందులోని మూల ఆలోచన. అందువల్ల గిల్డ్ అన్నది పాఠ్యప్రణాళికతో నడిచే విద్యాలయంలా ఉండదు. లాభాపేక్ష లేకుండా సభ్యులే నడుపుకునే సంఘం అది. అధ్యక్షురాలి నుంచి కాఫీ ఏర్పాట్లు చూసేవారి వరకు చాప్టర్‌లో అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవారే.

చాప్టర్ సాధారణంగా నెలకొకసారి సమావేశమవుతుంది. చోటు ఏ పబ్లిక్ లైబ్రరీ గదో, చర్చి హాలో, వృద్ధుల కేంద్రమో అయి ఉంటుంది. మొదట కాసేపు సంఘం లెక్కాపత్రాల ముచ్చట, ఆ తర్వాత సభ్యులు తాము పూర్తిచేసినవాటిని, సగంలో ఉన్నవాటిని అందరికీ చూపించడం, ఆపైన ఆ నెలకు అనుకున్న పాఠం లేదా చిన్న ప్రాజెక్టు సాగుతాయి. దీనికి తోడు చాలా చాప్టర్లలో ఎవరి పని వారు తెచ్చుకుని కలిసి కూర్చుని కుట్టుకునే రోజులు విడిగా ఉంటాయి. కొత్తవారికి నిజమైన చదువు జరిగేది నా అనుభవంలో ఈ రెండో రకం రోజుల్లోనే. సమావేశంలో అడగడానికి మొహమాటపడే ప్రశ్నను పక్కనున్నావిడను అడగవచ్చు, ఆవిడ గుడ్డ బిగించుకున్న తన రింగు పక్కన పెట్టి మీది చేతిలోకి తీసుకుని రెండు కుట్లు కుట్టి చూపిస్తుంది.

నేర్చుకోవడానికి క్రమబద్ధమైన ఏర్పాట్లు కూడా లేకపోలేదు. కొందరు సభ్యులు కలిసి ఒక కోర్సును తెప్పించుకుంటే, ఆ కోర్సు రాసిన ఉపాధ్యాయురాలి పాఠం చాప్టర్‌కు చేరుతుంది, సభ్యులంతా ఒకేసారి ఆ ప్రాజెక్టును కుట్టుకుంటారు. ఒంటరిగా చేయగలవారికి వ్యక్తిగత కరస్పాండెన్స్ కోర్సులున్నాయి. ఇంకా లోతుకు వెళ్లాలనుకునేవారికి మాస్టర్ క్రాఫ్ట్స్‌మన్ కార్యక్రమం ఉంది. అందులో కాన్వాస్ పని, లెక్కపెట్టి కుట్టే పని, ఉన్ని దారపు క్రూయెల్, పట్టు, లోహపు దారాల పని వంటి విభాగాల్లో అంచెలంచెలుగా నమూనాలు కుట్టి పంపితే న్యాయనిర్ణేతలు పరిశీలించి వ్యాఖ్యలు రాస్తారు. ఇది బోధనా తరగతి కానేకాదని మాత్రం గుర్తుంచుకోవాలి. మీరు స్వయంగా చదువుకుని, కుట్టి, పరీక్షకు నిలబడతారు. జరీ మీద ప్రేమ ఉన్న తెలుగువారికి లోహపు దారాల విభాగం ప్రత్యేకంగా నచ్చుతుందని నా ఊహ.

ఇక గిల్డ్ బలహీనతల గురించి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. నెలకొక సమావేశం అంటే చేయి తిరగడానికి చాలా తక్కువ. మధ్యలో ఇంట్లో కుట్టుకోనివారికి ఏడాది గడిచినా నాలుగు కుట్లకు మించి రావు. పాఠాల వరస కొత్తవారి కోసం కూర్చినది కాకపోవచ్చు: మీరు చేరిన నెలలో నడుస్తున్న ప్రాజెక్టు మీ స్థాయికి మించినదైతే, అది ముగిసేదాకా విడిగా ఎవరో ఒకరు ప్రాథమిక కుట్లు నేర్పవలసి ఉంటుంది, ఆ ఒకరు ఎవరన్నది చాప్టర్ మంచితనం మీద ఆధారపడుతుంది. సభ్యుల్లో ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసిన మహిళలు కావడంతో కొన్ని చాప్టర్లు పనిదినాల్లో పగటిపూటే కలుస్తాయి, ఉద్యోగం చేసేవారికి, చిన్నపిల్లలున్నవారికి అది కుదరదు. సాయంత్రమో శనివారమో కలిసే చాప్టర్ ఉందేమో చూసుకోవాలి. దగ్గరలో చాప్టరే లేనివారు జాతీయ సంస్థలో నేరుగా సభ్యులు కావచ్చు గానీ, అప్పుడు గిల్డ్‌లోని సగం ప్రయోజనం పోతుంది. మిగిలిన సగం కోసం ఆన్‌లైన్ తరగతులు, పత్రిక సరిపోతాయా అన్నది మీరే తేల్చుకోవాలి.

మగవారు చేరవచ్చా అని కొందరు అడుగుతారు. నిస్సంకోచంగా చేరవచ్చు. మన జర్దోసీ కార్ఖానాల్లో తరతరాలుగా మగ్గం ముందు కూర్చున్నది ఎక్కువగా మగవారేనన్న సంగతి గిల్డ్ సభ్యులకు చెబితే ఆశ్చర్యపోతారు, అంతే.

గిల్డ్ మననుంచి కూడా కొంత ఆశిస్తుంది. ఏడాది తిరిగేసరికి ఏదో ఒక కమిటీలో పనిచేయమని, ప్రదర్శన రోజున బల్ల దగ్గర కూర్చోమని, ఆసుపత్రికో ఆశ్రమానికో ఇచ్చే వస్తువులకు చేయి కలపమని అడుగుతారు. దీన్ని భారంగా భావించేవారు రుసుము కట్టి వెళ్లిపోయే తరగతిని ఎంచుకోవడం మేలు. అయితే తెలుగువారు ఇవ్వగలిగినది మరొకటి ఉంది. లంబాడీ తండాల్లోని అద్దాల పని, చిన్నప్పుడు ఇంట్లో నేర్చిన గొలుసు కుట్టు, ముడి కుట్టు, నరసాపురం లేసు అల్లిక గురించి కాస్తో కూస్తో తెలిసినవారిని గిల్డ్ ఎంతో ఆదరంగా వింటుంది. అద్దాల పనిని అక్కడ షీషా అన్న పేరుతో గుర్తుపడతారు గానీ, అద్దం మీదుగా దారాన్ని ముందు అడ్డంగా నిలువుగా బిగించుకుని ఆ చట్రాన్ని పట్టుకుని కుట్టే పద్ధతిని చేత్తో చూపించేవారు వారికి అంత సులభంగా దొరకరు. ఒకరికి నేర్పబోయేటప్పుడు మనకు ఎంత తెలియదో బయటపడుతుంది, కాబట్టి ఇది కూడా నేర్చుకోవడంలో భాగమే.

నేత, నూలు వైపు మొగ్గితే

దారంతో గుడ్డ మీద బొమ్మ వేయడంకన్నా దారం ఎలా పుడుతుంది, గుడ్డ ఎలా తయారవుతుంది అన్నది మిమ్మల్ని లాగుతుంటే, ఎంబ్రాయిడరీ గిల్డ్‌లో చేరి అసంతృప్తి పడటంకన్నా మొదటే నేతగాళ్ల గిల్డ్‌ను చూడటం మంచిది. 1969లో ఏర్పడిన హ్యాండ్‌వీవర్స్ గిల్డ్ ఆఫ్ అమెరికా జాతీయ స్థాయి సంస్థ. ఊళ్లలోని నేత, వడుకు గిల్డులు మాత్రం చాలావరకు సొంతంగా నడిచే సంఘాలు. ఇక్కడ గిల్డ్‌కున్న ప్రయోజనం ఎంబ్రాయిడరీ కంటే కూడా ఎక్కువని చెప్పవచ్చు, కారణం పనిముట్ల ధర. రింగు, సూది, నాలుగు లచ్చిల దారంతో ఎంబ్రాయిడరీ మొదలవుతుంది. నేతకు పడుగు తోడాలన్నా, పేక కొట్టాలన్నా మగ్గం కావాలి, అది కొనడానికి డబ్బు, పెట్టడానికి చోటు రెండూ కావాలి. అనేక స్థానిక గిల్డులు చిన్న మగ్గాలను, రాట్నాలను సభ్యులకు అద్దెకో అరువుకో ఇస్తాయి, సొంత పుస్తకాల గది నడుపుతాయి, మానేసినవారి మగ్గాలు సరసమైన ధరకు చేతులు మారేదీ అక్కడే. నేత ఒంటికి పడుతుందో లేదో తెలియకుండా కొత్త ఫ్లోర్ లూమ్ (నేల మీద నిలిపే పెద్ద మగ్గం) కొనడం తెలివైన పని కాదు.

పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలును ముడి వేసి రంగులద్దే విధానం, పొందూరు ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో ఏకి శుభ్రం చేసే విధానం ఇక్కడి నేతగాళ్లను కుర్చీ అంచుకు తెచ్చే సంగతులు. వీటి గురించి మనకు పైపైన తెలిసినదానికన్నా ఎక్కువ వారు అడుగుతారు, కాబట్టి ముందుగా కాస్త తెలుసుకుని వెళ్లడం మంచిది. నేత, వడుకు, అద్దకం, బుట్టల అల్లికలో స్థాయిని నిరూపించుకోవాలనుకునేవారికి జాతీయ గిల్డ్ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ఎక్సలెన్స్ ఉంది, అది కొత్తవారికి ఉద్దేశించినది కాదు.

రాయల్ స్కూల్ కోర్సు

1987 నుంచి హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో నడుస్తున్న ఈ సంస్థ ఎంబ్రాయిడరీని క్రమశిక్షణగా నేర్పే చోటు. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి ధరించిన ఊదారంగు వస్త్రాన్ని 12 మంది 3,500 గంటలు కుట్టింది ఈ సంస్థ తరఫునే. సర్టిఫికెట్ కోర్సులో ఉన్ని దారంతో లినెన్ మీద కుట్టే జాకోబియన్ క్రూయెల్‌తో మొదలుపెట్టి కాన్వాస్ కుట్లు, పట్టుదారంతో ఛాయలు తేవడం, బంగారు దారపు పని వంటి విభాగాలు సాగుతాయి. పైన చెప్పిన కొలతతో చూస్తే దీనికి మంచి మార్కులే పడతాయి. ఉపాధ్యాయురాలు అడుగడుగునా సరిదిద్దుతుంది, చివరి మూల్యాంకనం కుట్టును, దాన్ని బిగించి అమర్చిన తీరును కూడా సూక్ష్మంగా పరిశీలిస్తుంది.

ఇబ్బందులు రెండు. మొదటిది ఖర్చు. రుసుములు పౌండ్లలో ఉంటాయి, సామగ్రి వేరు, తరగతి గంటలకు కొన్ని రెట్లు ఇంట్లో కుట్టవలసి ఉంటుంది. రెండవది అభిరుచి. ఓక్ ఆకులు, దానిమ్మలు, వంపులు తిరిగిన తీగలతో నిండిన పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు అలంకరణ మీ మనసుకు హత్తుకోకపోతే, ఆ తొలి విభాగమే సహనాన్ని పరీక్షిస్తుంది. ఆన్‌లైన్‌లో చేరేవారు ఇంగ్లండు వేళలు అమెరికా పశ్చిమ తీరానికి ఎంత తెల్లవారుజామున పడతాయో లెక్క చూసుకోవాలి. కోర్సులో చేరినా చేరకపోయినా, 2021లో ఆ సంస్థ ప్రారంభించిన ఉచిత స్టిచ్ బ్యాంక్‌ను మాత్రం అందరూ వాడుకోవచ్చు. ఒక్కొక్క కుట్టుకూ దశలవారీ బొమ్మలు, వీడియో, చరిత్ర అక్కడ దొరుకుతాయి. గిల్డ్ సమావేశాల మధ్య నెలరోజుల వెలితిని పూడ్చడానికి నాకు తెలిసినంతలో అంతకన్నా నమ్మదగిన ఉచిత ఆధారం లేదు.

ఇండియా వెళ్లినప్పుడు మగ్గం క్లాసు

తెలుగువారు ఎంబ్రాయిడరీ నేర్చుకుంటామన్నప్పుడు చాలామంది మనసులో ఉండేది మగ్గం వర్కే. అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చెక్క చట్రానికి గుడ్డను డప్పులా బిగించి, కొక్కెం మొన ఉన్న ఆరి సూదిని పైచేత్తో పట్టుకుని, కింది చేత్తో దారాన్ని గుడ్డ అడుగునుంచి సూదికి అందిస్తూ గొలుసు కుట్టు లాగుతూ పోవడం ఇందులో మొదటి పాఠం. డిజైన్‌ను బటర్ పేపర్ మీద గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిలులో కలిపిన పొడితో గుడ్డ మీదికి దించుతారు. గొలుసు కుదిరాక పూసలు, చమ్కీలు, జర్దోసీ స్ప్రింగ్, కట్‌దానా, కుందన్‌లు ఒక్కొక్కటిగా వస్తాయి.

మగ్గం పనిలో కింది చేతి కదలికే ఆయువుపట్టు. దారాన్ని ఏ కోణంలో పట్టుకోవాలి, సూది కొక్కేనికి ఎటువైపు తిప్పి చుట్టాలి, ఎంత వదులివ్వాలి అన్నది ఆ చేయి చూపుతుంది, ఆ చేయి గుడ్డ చాటున ఉంటుంది. అందువల్ల జూమ్‌లో మగ్గం నేర్చుకున్నవారిలో చాలామంది గొలుసు తెగిపోవడం, సూది గుడ్డకు తగులుకోవడం దగ్గరే నెలలు గడుపుతారు. పక్కన కూర్చున్న అక్క మీ వేళ్లను పట్టుకుని సరిచేస్తే అదే ఇబ్బంది ఒకటి రెండు రోజుల్లో తీరుతుంది. కాబట్టి మగ్గం విషయంలో నా సలహా ఖచ్చితమైనది: మొదటి గొలుసు కుట్టును ఎదురుగా కూర్చునే నేర్చుకోండి, డిజైన్లు, పూసల రకాలు ఆ తర్వాత ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

హైదరాబాదు, విజయవాడ, విశాఖ వంటి నగరాల్లోనే కాక మండల కేంద్రాల్లో కూడా ఇప్పుడు మగ్గం క్లాసులు నడుస్తున్నాయి. రోజుకు రెండు మూడు గంటల చొప్పున నెల రోజులు ఉండగలిగితే ప్రాథమిక కుట్లు చేతికి వస్తాయి. రెండు వారాల సెలవులో, అందులోనూ రెండు పెళ్లిళ్లు, తిరుపతి ప్రయాణం ఉన్న సెలవులో నేర్చుకుంటాననుకోవడం ఆశ మాత్రమే. చేరేముందు చూడవలసింది ఒకే ఒకటి: నేర్పేవారు విద్యార్థులకు విడి గుడ్డ మీద సాధన చేయిస్తున్నారా, లేక తమ దగ్గరికి వచ్చిన బ్లౌజు ఆర్డర్ల మీద కూర్చోబెడుతున్నారా అన్నది. రెండో పద్ధతిలో వేగం వస్తుంది గానీ, మీరు కుట్టిన భాగం బాగాలేకపోతే వారే మారుమాట లేకుండా విప్పి కుట్టేస్తారు, ఎందుకు బాగాలేదో మీకు తెలియకుండానే నెల గడిచిపోతుంది.

స్వగ్రామంలో ఉన్న చెల్లెళ్ల కోసం, మరదళ్ల కోసం ఈ వివరాలు వెతికేవారు కూడా ఉంటారు కాబట్టి రెండు మాటలు. తెలుగు రాష్ట్రాల్లో టైలరింగ్, ఎంబ్రాయిడరీలో ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే లోయర్, హయ్యర్ గ్రేడ్ సాంకేతిక పరీక్షలున్నాయి. బ్యాంకుల ఆధ్వర్యంలోని ఆర్‌సెటి (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ) కేంద్రాల్లో గ్రామీణ యువతకు భోజన వసతులతో ఉచిత శిక్షణ దొరుకుతుంది. ఉపాధి ఉద్దేశమైతే అవి ప్రైవేటు క్లాసులకన్నా ముందు చూడవలసినవి. అమెరికాలో ఈ పత్రాలను అడిగేవారు ఉండరు.

నరసాపురం లేసు గురించి కూడా కొందరు అడుగుతుంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి జిల్లాలకు వచ్చి, ఇళ్లలో తల్లినుంచి కూతురికి అందుతూ వచ్చిన ఈ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ ప్రాంతంలో బంధువులున్నవారికి వరండాలో కూర్చుని అల్లే ఆడవారే అసలైన బడి. అయితే అది వారికి ముక్కకింతని వచ్చే కూలి పని, మనం కాలక్షేపానికి గంటల తరబడి వారి సమయం తీసుకుంటే ఆ మేరకు వారి రాబడి తగ్గుతుంది. నేర్పినందుకు డబ్బు ఇవ్వడం, తీసుకోనంటే వారు అల్లినది సరైన ధరకు కొనడం కనీస మర్యాద.

మగ్గం నేర్చుకుని అమెరికా తిరిగివచ్చినవారికి ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, ఇక్కడ తప్పు దిద్దేవారు ఉండరనుకుని మూడు నెలల్లో మానేయడం. నిజానికి గిల్డ్‌లో టాంబోర్ పని (కొక్కెం సూదితో గొలుసు కుట్టు లాగే యూరప్ పద్ధతి) తెలిసినవారు తరచుగా కనిపిస్తారు, అది ఆరి పనికి చాలా దగ్గరిది. టాంబోర్‌లో ఒక రకమైన ఫ్రెంచి లూనెవీల్ పద్ధతిలో గుడ్డను బోర్లించి, పూసలను ముందే దారానికి ఎక్కించి, వెనకవైపు నుంచి కుట్టుకుపోతారు. మనవారు గుడ్డ ముఖం పైకి ఉంచి, పూసను సూది మొనకు ఎక్కించి దించుతారు. సూది తిప్పే తీరు, దారం బిగువు రెండింటికీ ఉమ్మడి. కనుక మగ్గం గురించి అసలు ఏమీ తెలియని గిల్డ్ సభ్యురాలు కూడా మీ గొలుసు ఎందుకు తెగుతోందో చెప్పగలదు.

దుకాణం తరగతి, యూట్యూబ్

వీటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 2025లో గుడ్డలు, చేతిపని సామగ్రి అమ్మే జోఆన్ దుకాణాలన్నీ మూతపడ్డాక పెద్ద గొలుసు దుకాణాల్లో దారం, గుడ్డ చేత్తో తడిమి కొనే అవకాశం చాలా ఊళ్లలో తగ్గింది. విడిగా నడిచే చిన్న సూదిపని దుకాణం దగ్గరలో ఉంటే అది నిజంగా అదృష్టం. ఒక పూట తరగతిలో ఒక ప్రాజెక్టు చేయిస్తారు, కుట్టడం మీకు నచ్చుతుందా లేదా అన్నది తెలుసుకోవడానికి అది చాలు. అంతకుమించి దానినుంచి ఆశించకూడదు. యూట్యూబ్ ఒక కుట్టును మళ్లీ మళ్లీ చూసుకోవడానికి పనికొస్తుంది, మీ పనిని మాత్రం అది చూడలేదు.

డబ్బు, వీసా

గిల్డ్ సభ్యత్వంలో జాతీయ సంస్థ వాటా, చాప్టర్ వాటా అని రెండు భాగాలుంటాయి. రెండూ కలిపినా ఏడాదికయ్యేది మంచి ఉపాధ్యాయురాలి రెండు రోజుల తరగతికయ్యేదానికన్నా సాధారణంగా తక్కువ. సామగ్రి విషయానికి వస్తే, ఆరు పోగుల నూలు దారం ఎనిమిది మీటర్ల లచ్చి డాలరు చుట్టుపక్కల దొరుకుతుంది. మంచి లినెన్ గుడ్డ, మంచి సూదుల దగ్గర మాత్రం పొదుపు చేయవద్దు. గరుకు సూది దారాన్ని నలిపేస్తుంది, ఆ లోపాన్ని కొత్తవారు తమ చేతిదే అనుకుంటారు. గిల్డ్‌లో చేరినవారికి అసలు ఖర్చు ఏటికేడాది పేరుకునే దారాలు, కిట్లు. దానికి గిల్డ్‌ను తప్పుపట్టలేం గానీ, ఆ సహవాసం తప్పక దోహదం చేస్తుంది.

మగ్గం సామగ్రికి వేరే లెక్క. నక్షీ, దబ్కా, జరీ ఇండియాలో తూకానికి చవకగా దొరుకుతాయి, ఇక్కడ అటువంటి లోహపు దారాన్నే గోల్డ్‌వర్క్ పేరుతో చిన్న పొట్లాల్లో ఖరీదుగా అమ్ముతారు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు గాలి తగలని సంచుల్లో సర్దుకుని తెచ్చుకుంటే మెరుపు నిలుస్తుంది, పైగా గిల్డ్‌లో పంచుకోవడానికి ఇంతకన్నా మంచి కానుక ఉండదు.

హెచ్-4 వీసా మీద ఉన్నవారు చాలామంది ఖాళీ సమయంలో ఏదైనా నేర్చుకుందామని ఈ వైపు వస్తారు. నేర్చుకోవడానికి, సభ్యులుగా ఉండటానికి అడ్డంకి లేదు. కానీ పని అనుమతి పత్రం లేకుండా బ్లౌజులు కుట్టి అమ్మడం, రుసుము తీసుకుని క్లాసులు చెప్పడం చేయకూడని పని కిందికి రావచ్చు, తెలిసినవారికే కదా అన్న సమాధానం అక్కడ చెల్లదు. ఆదాయం ఉద్దేశంతో మగ్గం నేర్చుకునేవారు ముందే ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడిగి తేల్చుకోవాలి.

ఎలా కలిపి వాడుకోవాలి

ఈ దారుల్లో ఒకటే ఎంచుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. బొత్తిగా కొత్తవారైతే స్టిచ్ బ్యాంక్ చూస్తూ కాడ కుట్టు, గొలుసు, ముడి, కాజా కుట్టు ఒక మామూలు నూలు గుడ్డ మీద కుట్టుకుని, ఆ గుడ్డతో గిల్డ్‌కు వెళ్లడం ఉత్తమం. చేతిలో చూపించడానికి ఏదో ఒకటి ఉంటే సలహా కూడా సూటిగా వస్తుంది. గిల్డ్‌లో ఒకటి రెండేళ్లు గడిచాక ఏ రకం పని మీద మనసు నిలుస్తోందో తెలుస్తుంది, రాయల్ స్కూల్ వంటి ఖరీదైన కోర్సు గురించి ఆలోచించవలసింది అప్పుడు. ముందే చేరి మధ్యలో మానేసేవారు ఎక్కువగా ఈ వరసను తలకిందులు చేసినవారే. మగ్గం ధ్యేయమైనవారు మాత్రం గిల్డ్ కోసం ఆగవలసిన పనిలేదు. వీలైనంత పొడవైన సెలవు చూసుకుని ఇండియాలో గొలుసు కుట్టు చేతికి తెచ్చుకుని, వచ్చాక అది పోకుండా ఉంచుకోవడానికి గిల్డ్‌ను వాడుకోవాలి.

చాలా చాప్టర్లు వేసవిలో విరామం తీసుకుని సెప్టెంబరులో కొత్త సంవత్సరం మొదలుపెడతాయి, సభ్యత్వం తీసుకునేముందు ఒకటి రెండు సమావేశాలకు అతిథిగా రానిస్తాయి. ముందుగా ఈమెయిలు రాసి, సమావేశ సమయం, కొత్తవారికి విడిగా ఎవరైనా నేర్పుతారా, ఆ ఏడాది ప్రాజెక్టులేమిటి, పిల్లలను తీసుకురావచ్చా అన్నవి అడగండి. శాకాహారులైతే తలా ఒక వంటకం తెచ్చుకునే రోజున మీ గిన్నె మీరు తీసుకెళ్లండి, పులిహోరకు అక్కడ ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ఇక వెళ్లేటప్పుడు బాగా వచ్చిన రుమాలును ఇంట్లో పెట్టి, సగంలో ఆగిపోయిన ముక్కను సంచిలో వేసుకోండి. అది ఎందుకు ఆగిందో చెప్పి సలహా అడగండి. ఎవరైనా దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసి చూస్తే సభ్యత్వ పత్రం నింపవచ్చు. చాలా బాగుందని మెచ్చుకుని వెనక్కి ఇచ్చేస్తే, పక్క ఊరి చాప్టర్ ఎప్పుడు కలుస్తుందో కనుక్కోండి.